ఇల్లు ఖాళీ చేయువారిపై శుభ్రత ఖర్చు

నర్సీపట్నము చుట్టుపట్ల గ్రామముల రైతులలో కొందఱు, చెఱకుమీదనో జీడితోటమీదనో నాలుగు రూకలు మిగిలినప్పుడు, పట్టణమున స్థలము కొని ఇల్లు కట్టించుట పరిపాటియైనది. పనులమీద వచ్చినప్పుడు తాము దిగుటకు ఒక గది ఉంచుకొని, మిగిలిన వాటాలను అద్దెకిత్తురు. ఉపాధ్యాయులు, ఆసుపత్రి ఉద్యోగులు, చింతపల్లి కొయ్యూరు వైపులనుండి చదువుకై దిగివచ్చిన పిల్లలు వానిలో కాపురముందురు. ఈ రైతులే తమ పిల్లలను విశాఖపట్టణమునకో హైదరాబాదునకో బెంగుళూరునకో పంపి, అచ్చట తాము అద్దె చెల్లించుచుందురు. కావున ఒకే కుటుంబము ఒక ఊర ఇంటి యజమానియు, వేఱొక ఊర అద్దెదారును అగుచున్నది. ఇల్లు ఖాళీ చేయునాడు శుభ్రత ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనను ప్రశ్నకు, ఊరు మాఱినంతనే మనవారి జవాబు కూడ మాఱుచుండుట నేను పలుమాఱులు చూచితిని.

గత వేసవిలో పచ్చిరొట్ట విత్తనముల పంపకమునకై ఒక గ్రామమునకు పోయియుంటిని. పని ముగిసిన పిమ్మట ఒక పెద్ద రైతు నన్ను ప్రక్కకు పిలిచి తన చిక్కు చెప్పుకొనెను. ఆయన యింటి వాటాలో మూడేండ్లు కాపురమున్న ఉపాధ్యాయుడొకడు బదిలీపై పోవుచు, తానిచ్చిన పదివేల రూపాయల అడ్వాన్సు తిరిగి యిమ్మని కోరెను. రైతు సున్నమునకు మూడువేలు, ఇల్లు కడిగించుటకు ఎనిమిదివందలు, మరుగుదొడ్డి తొట్టి తోడించుటకు మూడువేల రెండువందలు పద్దు వ్రాసి, ఏడువేలు పట్టుకొని మూడువేలు చేతిలో పెట్టెను. ఉపాధ్యాయుడు మాటాడక పుచ్చుకొని పోయెనుగాని, వీథిలో నలుగురికిని చెప్పుకొనెనట. "ఇల్లు నాది, మురికి ఆయనది. ఇందులో నా తప్పేముందండీ?" అని రైతు నన్నడిగెను. అంతకు కొన్ని నెలలకు ముందే ఆయన కుమారుడు బెంగుళూరులో గది వదలినప్పుడు అచ్చటి యజమాని రంగు ఖర్చు క్రింద ఒక నెల అద్దె పట్టుకొనగా, అది పట్టపగటి దోపిడీయని ఆయనయే నాతో చెప్పియుండెను. ఆయన మంచివాడు, లెక్క తెలియనివాడును కాడు. అయినను ఈ రెండు సంగతులును ఒకటేయని ఆయనకు తోచలేదు.

ఇల్లు ఖాళీయైనప్పుడు కంటికి కానవచ్చు లోపములన్నియు ఒక జాతివి కావు. నేలపై జిడ్డు, మూలల చెత్త, నీళ్లతొట్టిలో పాచి, ఇట్లు చీపురుతోను నీటితోను పోవునది మురికి. మూడేండ్ల ఎండకు వెలసిన రంగు, నడచి నడచి అరిగిన గడప, వానకాలమున చెమ్మ పట్టి లేచిన సున్నము, ఇవి కాలము చేసిన అరుగుదల. ఇంటిలో ఎవరును కాపురము లేకున్నను వీనిలో కొన్ని జరుగకమానవు. పగిలిన కిటికీ అద్దము, పెద్ద మేకు కొట్టుటచే పెచ్చూడిన గోడ, ఇవి నష్టము. పొలముతో పోల్చి చూడుడు. కౌలుదారుడు కోత కోసి మడి అప్పగించునప్పుడు వరిదుబ్బులు మిగిలినవని ఎవడును సొమ్మడుగడు. పంట పండుటచే నేల కొంత సారము కోల్పోయినదనియు అడుగడు. దానికే గదా కౌలు పుచ్చుకొనినది. గట్టు త్రవ్వి ప్రక్క మడిలో కలిపివేసినయెడల మాత్రము ఊరకుండడు. ఇంటి అద్దెయు అట్టిదే. అరుగుదలకు ప్రతిఫలము నెలనెలా అద్దెలో చేరియేయున్నది. దానిని చివఱ మఱల వసూలు చేయుట ఒక్క పంటకు రెండు మాఱులు కౌలడుగుటయగును.

చట్టము చెప్పునదియు దాదాపు ఇదియే. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనులో, అద్దెదారుడు ఆస్తి తన స్వాధీనమునకు వచ్చిననాడు ఎంత మంచి స్థితిలోనుండెనో అంత మంచి స్థితిలో నిలిపి, గడువు తీఱినప్పుడు అట్లే అప్పగింపవలెనని కలదు. సహజమైన అరుగుదలయు, మనుష్యుడు ఆపజాలని బలమువలన కలిగిన మార్పును దీనినుండి మినహాయింపబడినవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన ప్రాంతముపై విఱుచుకొనిపడినప్పుడు లేచిపోయిన రేకులకు అద్దెదారుని బాధ్యుని చేయుటకు వీలులేదు. అద్దెదారుని చేతివలననో అశ్రద్ధవలననో కలిగిన లోపమును యజమాని చూచి నోటీసిచ్చినయెడల, మూడు మాసములలోగా అతడు దానిని సరిచేయవలెననియు అదే సెక్షనులో నున్నది. ఇందులో "వచ్చిననాడు ఎంత మంచి స్థితిలోనుండెనో" అను మాటయే ముఖ్యము. మురికిగా అప్పగించిన ఇంటిని అద్దముగా తోమి తిరిగి యిమ్మని అడుగుట ఈ చట్టమువలన రాదు.

అయితే ఆ సెక్షను ఆరంభముననే, వేఱు ఒడంబడికగాని స్థానికాచారముగాని లేనియెడల, అను షరతు కలదు. కావున సంతకము చేసిన కాగితము చట్టముకన్న ముందు వచ్చును. మనవారందఱును సాధారణముగా పదునొకండు నెలల కాగితము వ్రాసికొనుచున్నారు. దానిలో "ఖాళీ చేయునప్పుడు ఒక నెల అద్దె శుభ్రతకై పట్టుకొనబడును" అను పంక్తి చిన్న అక్షరములతో ఉండును. తాళపుచెవి చేతికి వచ్చు సంతోషములో దానిని చదువువారరుదు. అట్టి పంక్తి యున్నను యజమానికి సర్వాధికారము లేదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను, ఒడంబడిక తప్పినందుకు ముందుగా ఒక మొత్తము నిర్ణయించుకొనిన సందర్భములలో, న్యాయస్థానము ఆ మొత్తమునకు మించకుండ తగిన పరిహారమును మాత్రమే ఇప్పించునని చెప్పుచున్నది. ఇల్లు శుభ్రముగా అప్పగించినవానినుండి నెల అద్దె ఏ తప్పునకు పరిహారముగా పట్టుదురో నాకు బోధపడదు.

సున్నమునుగుఱించి తగవు ఎక్కువగా వచ్చును గనుక దానిని కొంత వివరింతును. కేంద్ర ప్రభుత్వము 2021లో రాష్ట్రములకు మాదిరిగా పంపిన అద్దె చట్టమున, గోడలకు సున్నము, తలుపులకు కిటికీలకు రంగు, గొట్టములు మార్చుట, కరెంటు తీగలు బాగుచేయుట యజమాని వంతుగను. కొళాయిలు మార్చుట, కాలువలు శుభ్రపఱచుట, స్విచ్చులు, తాళములు, పగిలిన అద్దములు బాగుచేయుట అద్దెదారుని వంతుగను పంచియున్నారు. నివాసపు ఇండ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదనియు అందు గలదు. అది మాదిరియే, ఏ రాష్ట్రము తన శాసనముగా చేసికొనినచో అచ్చటనే అమలగును. అయినను పంపకము సబబుగా నున్నది గనుక మన కాగితములలో వ్రాసికొనుటకు అడ్డేమియు లేదు.

వంటయింటి గోడ మాత్రము ఈ లెక్కకు పూర్తిగా లొంగదు. నూనెజిడ్డు పేరుకొనిన గోడపై సున్నము నిలువదు, నెల తిరుగకముందే పొరలు పొరలుగా రాలును. ముందు మసి గీకి, వేడినీటిలో చాకలిసోడా కలిపి రుద్ది, మంచినీటితో కడిగి ఆఱనిచ్చి, ఆపైన సున్నము వేయవలెను. ఈ గీకుటయు కడుగుటయు మురికిని తీయు పనియే, కావున అద్దెదారుడు చేయవచ్చును, లేదా కూలి ఇయ్యవచ్చును. దానిపై వేయు సున్నము యజమానిది. చేతికి తొడుగు లేక సోడానీళ్లు ముట్టరాదని ఆడువారికి చెప్పుట మఱవకుడు.

ఇక మరుగుదొడ్డి తొట్టి. దీనిని తోడించునప్పుడు ఇంటిలో ఎవరున్నారో వారిపైనే ఖర్చంతయు వేయుట చాల చోట్ల చూచితిని. తొట్టి ఒక్క దినమున నిండదు. ఆఱేండ్ల క్రిందట తోడించిన తొట్టిని రెండు వాటాలవారు వాడుచుండగా, చివఱి మూడేండ్లు ఒక వాటాలో నున్నవాడు అంతటికిని ఎట్లు బాధ్యుడగును? ఆఱేండ్లలో మూడేండ్లు సగము. రెండు వాటాలలో ఒకటి సగము. సగములో సగము, అనగా నాల్గవ వంతు. దీనికి పెద్ద చదువక్కఱలేదు; నీటి వంతులు గడియలలో పంచుకొను రైతునకు ఇది ఎంత పని! తొట్టి తోడించిన తేదీ గోడపైనో, మూతపైనో వ్రాసియుంచినచో వాదమే ఉండదు. ఒక్క సంగతి మాత్రము ఖర్చుకన్న పెద్దది. నాలుగు రూపాయలు మిగులునని తొట్టిలోనికి మనుష్యుని దింపుట కూడదు. అందలి విషవాయువు ఒకటి రెండు ఊపిరులలోనే మనుష్యుని పడగొట్టును. రక్షింపబోయినవాడును ఆ వెంటనే కూలును. రక్షణ సామగ్రి లేకుండ ఈ పనికి మనుష్యుని పెట్టుట 2013వ సంవత్సరపు చట్టముచే నిషేధింపబడినది. మొదటి నేరమునకే రెండేండ్లవఱకు కైదు, లేదా రెండు లక్షలవఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. గొట్టముతో పీల్చు బండిని పిలిపించి, రశీదు పుచ్చుకొని, ఆ రశీదు చూపియే వంతు అడుగవలెను.

స్నానపుగదిలో బోరునీటివలన తెల్లని పెచ్చులు కట్టును. ఖాళీ చేయు తొందరలో వీనిపై యాసిడు గుమ్మరించువారున్నారు. పెచ్చుతోపాటు పలకల నడుమ సిమెంటును కూడ యాసిడు తినివేయును. చలువరాయి యైనచో మెఱుపు శాశ్వతముగా పోవును. మురికి తీయబోయి నష్టము తెచ్చుకొనుట ఇదియే. యాసిడు పోసినచోట బ్లీచింగు పొడి చల్లుట మఱింత ప్రమాదము. ఆ రెండును కలిసినప్పుడు పుట్టు క్లోరిను వాయువు ఊపిరితిత్తులను కాల్చును. తలుపు మూసిన చిన్నగదిలో ప్రాణమునకే చేటు. వారమునకొక మాఱు గట్టి బ్రష్షుతో తోముచుండినచో పెచ్చు కట్టనే కట్టదు.

సరకు గదులుగా అద్దెకిచ్చువారు వేఱొకటి గమనింపవలెను. బెల్లము నిలువయుంచిన గదికి చీమల పీడ మిగులును, నీటితో కడిగినచో తీఱును. పురుగుమందులుంచిన గది అట్టిది కాదు. మందు ఒలికినచోట నీళ్లు పోసి కాలువలోనికి తోయుట మన ఊళ్లలో అలవాటు. ఆ కాలువ నీరు ఏ చెఱువున, ఏ నూతిదాపున దిగునో ఎవరును చూడరు. పొడి మట్టిగాని ఱంపపుపొట్టుగాని చల్లి, పీల్చుకొనిన పిమ్మట ఎత్తి, సంచిలో కట్టి, మందమ్మిన దుకాణదారునకే అప్పగింప ప్రయత్నింపవలెను. ఇట్టి గదిని వెంటనే కాపురమునకుగాని ధాన్యము పోయుటకుగాని ఇయ్యరాదు. ఈ ఖర్చు సరకుంచినవానిదేయనుటలో నాకు సందేహము లేదు. కాని ఆ మాట గది ఇచ్చునప్పుడే చెప్పియుండవలెను.

నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో వేఱొక పట్టణమున రెండు గదుల వాటాలో ఉంటిని. నేను దిగునాటికే వంటయింటి గోడ కట్టెలపొయ్యి మసిచే నల్లబడియుండెను. నేను గ్యాసుపొయ్యి వాడితిని. రెండేండ్లకు బదిలీయై ఖాళీ చేయగా ఇంటి యజమానురాలు ఆ గోడ చూపి అడ్వాన్సులో సగము పట్టుకొనెను. ఆ మసి నాది కాదంటిని. "బాబూ, మీరు దిగినప్పుడు గోడ ఇలాగే ఉందని ఎక్కడైనా రాసుందా?" అని ఆమె శాంతముగా అడిగెను. నాకు జవాబు లేకపోయెను. చిత్రమేమనగా, వ్రాసికొనవలెనని నాకు చిన్ననాటనే నేర్పిరి. నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహమున, టెర్ము మొదట ప్రతి పిల్లవాని మంచము, పెట్టె, అతని వైపు కిటికీలో అద్దములెన్ని యున్నవి, ఎన్ని చీలినవి, అన్నియు ఒక పుస్తకమున వ్రాసి సంతకము చేయించెడివారు. చివఱిదినమున అదే పుట తీసి చూచెడివారు. చీలిక ముందునుండి వ్రాయబడియున్నచో ఒక్క పైసా అడుగరు; లేనిచో ఎంత ఏడ్చినను మానరు. పిమ్మట మా తండ్రిగారి ఇంటి వాటా అద్దెకిచ్చినప్పుడు నేను ఆ ప్రకారము జాబితా వ్రాసితిని. ఖాళీ చేయునాడు రెండు అద్దములు పగిలియుండుట చూచి సొమ్ము అడుగబోయి, జాబితా తీసి చూడగా, ఆ రెండును ముందే పగిలినవని నా వ్రాతలోనేయుండెను. వ్రాసినవాని నోరుకూడ ఆ కాగితము మూయించును.

మన పిల్లలు పోవుచున్న దేశములలో ఈ పద్ధతి చట్టమునకే ఎక్కినది. ఇంగ్లాండులో 2019వ సంవత్సరపు చట్టము ప్రకారము, ఖాళీ చేయు అద్దెదారుడు శుభ్రపఱచు సంస్థకు సొమ్ము చెల్లించితీఱవలెనని యజమాని నిర్బంధింపరాదు. దిగిననాటి శుభ్రతతో అప్పగింపుమని మాత్రమే అడుగవచ్చును. అమెరికాలో మనవారు విస్తారముగా నున్న కాలిఫోర్నియాలోను శుభ్రత ఖర్చు దిగిననాటి స్థితికి తెచ్చునంతవఱకే. ఇరువదియొక్క దినములలో లెక్కయు మిగిలిన సొమ్మును పంపవలెను. 2025నుండి యజమానులు గది ఫోటోలు తీసి యుంచవలెనను నిబంధన కూడ వచ్చినది. అన్నిటికన్న నాకు నచ్చినది వేఱొకటి: అద్దెదారుడు కోరినయెడల, వెళ్లుటకు ముందు రెండు వారములలో యజమాని ఇల్లు చూచి లోపములు చెప్పవలెను, వానిని తానే సరిచేసికొను అవకాశము అతనికి దొరకును. ఇది మన నర్సీపట్నములో చేయుటకు చట్టమక్కఱలేదు. నెలవారీ అద్దెకు ఇట్లును పదునైదు దినముల నోటీసు ఇయ్యవలసియే యున్నది; ఆ నోటీసు వచ్చిన వారముననే యజమాని ఒక మాఱు పోయి, ఇది తోముడు, ఇది తీసివేయుడు అని చెప్పినచో, సగము తగవులు పుట్టవు. పోవువాడు తన చేతితో కడుగుకొనినచో కూలి కూడ మిగులును.

కాగితము ఎట్లు వ్రాయవలెనని కొందఱు అడుగుచున్నారు గనుక ఒక మాదిరి ఇచ్చుచున్నాను. "ఈ తేదీన తూర్పు వాటా అప్పగింపబడినది. సున్నము వేసి ఇన్ని నెలలైనది. వంటయింటి గోడ ఇట్లున్నది. కిటికీ అద్దములు ఇన్ని, అందు చీలినవి ఇన్ని. కొళాయిలు ఇన్ని, కాఱునవి ఇన్ని. మరుగుదొడ్డి తొట్టి ఫలాని నెలలో తోడించినది, వాడువారు ఇన్ని వాటాలవారు. ఖాళీ చేయునప్పుడు ఊడ్చి కడిగి, చెత్త తీసి అప్పగింపవలెను. అట్లు చేయనియెడల కూలివానికి ఇచ్చినంత మాత్రము రశీదు చూపి పట్టుకొనవచ్చును. సున్నమునకు పట్టుకొనరాదు. మిగిలిన అడ్వాన్సు తాళపుచెవి పుచ్చుకొనిన దినమున, లెక్క తేలనిచో పదునైదు దినములలో ఇయ్యవలెను." ఇరువురును సంతకము చేసి చెఱియొక ప్రతి ఉంచుకొనుట మేలు. చేతిలో ఫోనున్నవారు అదేదినమున గదులు, ముఖ్యముగా వంటయిల్లు, స్నానపుగది ఫోటోలు తీసి ఒకరికొకరు పంపుకొనినచో తేదీకూడ దానియందే నిలుచును. ఇంత చేసినను తగవు తీఱనియెడల, కొద్ది సొమ్మునకై దావా వేసి ప్లీడరు ఫీజు పెట్టుకొనుటకన్న లోక్ అదాలతునకు పోవుట మంచిది. అచ్చట కోర్టు రుసుము లేదు.

నన్ను ప్రశ్నించిన రైతుతో ఆ దినమున చెట్టుక్రింద కూర్చుండి, విత్తనపు సంచిపైనున్న కాగితము వెనుక లెక్క వ్రాసితిమి. సున్నము మూడువేలు కొట్టివేసితిమి. కడుగుడు కూలి ఎనిమిదివందలు నిజముగా ఇచ్చినదే. ఉపాధ్యాయుడు బదిలీ తొందరలో ఇల్లు ఊడ్వకయే పోయెనని ప్రక్కవాటావారును చెప్పిరి, కావున అది నిలిచినది. తొట్టి పైని చెప్పిన ఆఱేండ్ల తొట్టియే. మూడువేల రెండువందలలో నాల్గవ వంతు ఎనిమిదివందలు. వెరసి పదునాఱువందలు. పట్టుకొనినది ఏడువేలు గనుక ఐదువేల నాలుగువందలు తిరిగి యియ్యవలసివచ్చెను. ఆయన కాగితమును రెండు మాఱులు చదివి, మడచి జేబులో పెట్టుకొని ఏమియు అనలేదు. ఖరీఫు నారుమళ్లు పోయు దినములలో మఱల ఆ ఊరు పోయినప్పుడు, సొమ్ము మాస్టారుగారికి పంపితినని తానే చెప్పెను. బెంగుళూరు యజమానికి కూడ కుమారునిచేత అట్టి లెక్కయే వ్రాయించి పంపెనట. దానికి జవాబు ఇంకను రాలేదు.